గవర్రాజు మాస్టారి చీటీలు

గవర్రాజు మాస్టారికి ఒకటే అలవాటు. పిల్లలు ఏ సబ్జెక్టులో ఏ సందేహం అడిగినా “నాకు తెల్దు” అంటారు. విశాఖపట్నంలో మిగతా ట్యూషన్ మాస్టార్లు తమకి తెలియనిదాన్ని “పరీక్షకి రాదు” అని కొట్టేస్తారు. పూర్ణా మార్కెట్ వెనక వీధిలో ఈయనొక్కరే నిజం ఒప్పుకునేవారు.

ఒప్పుకుని ఊరుకోరు, చీటీ రాసిస్తారు. శాతాలు రాకపోతే బెల్లం కొట్టు అప్పలరాజుకి. ఆటుపోట్లయితే హార్బర్లో చేపలమ్మే గంగాలమ్మకి. ఒకరోజు గంగాలమ్మ బుట్టతో సహా వచ్చేసింది.

“ఆరుగురు బుడ్డోళ్లు నా బుట్ట సుట్టూ కూకున్నారు. నాను సేపలమ్మాలా, సందమావ గురించి సెప్పాలా? మరి నువ్వేటి సేత్తన్నావ్ మాస్టారూ?”

“చీటీలు రాత్తన్నానమ్మా.”

త్రినాథరావు స్టీల్‌ప్లాంట్ లాబొరేటరీలో కెమిస్టు. పాలు విరిగినా కూతురి భవిష్యత్తు గురించే బెంగపడే మనిషి. 1998 క్వార్టర్లీలో ఎనిమిదో తరగతి చదివే ఆ కూతురు ఆశకి సైన్సులో వందకి పద్దెనిమిది వచ్చాయి. ట్యూషన్ మాన్పించేద్దామని పిల్లని వెంటబెట్టుకుని గవర్రాజు మాస్టారి దగ్గరికి వెళ్లాడు.

“మీకు సైన్సు వచ్చా మాస్టారూ?”

“తెల్దు బాబూ.”

“లెక్కలు?”

“అవీ అంతే.”

“మరి మా పాపకేం చెబుతున్నారు?”

“మొన్నో ప్రశ్న అడిగింది. చీటీ రాసిచ్చాను. నాలుగు రోజులై సంచీలోనే ఉంది. పట్టికెళ్లడానికి భయవంట.”

“ఏ రౌడీ దగ్గరికి పంపారేటి?”

ఆశ తలొంచుకుని చీటీ తీసి తండ్రి చేతిలోనే పెట్టింది.

‘త్రినాథరావుగారికి. వానలు లేకపోయినా సముద్రం ఒడ్డున యారాడలో ఇనప గేట్లు ఎందుకు తుప్పు పడతాయి? దయచేసి కసరకుండా చెప్పగలరు.’

ఏడాది కిందట “ఈమాత్రం తెలీదా?” అని కసిరాక పిల్ల తనని ఏదీ అడగలేదని త్రినాథరావుకి అప్పుడు తట్టింది. ఇన్నాళ్లూ దానికి అన్నీ తెలిసిపోయాయనుకుని సంతోషిస్తున్నాడు.

మాన్పించే సంగతి మరిచిపోయి, ఇంటిదాకా ఉప్పుగాలి గురించే చెబుతూ నడిచాడు. ఇంటికెళ్లి చీటీ తిరగేస్తే వెనకవైపు జవాబంతా ఉంది, సమీకరణంతో సహా, ముత్యాల్లాంటి అక్షరాల్లో. కింద ఒక మాట: ‘ఆయన కసిరితే ఇది చదువుకోమ్మా.’

ఆదివారం పొద్దున్న తలుపు తీస్తే గుమ్మంలో ఏడుగురు పిల్లలు, ఏడు చీటీలు. త్రినాథరావు మొదటిది విప్పాడు. వానపాము గుండెల గురించి.

“ఇది నాకు తెలీదే,” అన్నాడు బిక్కమొహంతో.

“పర్లేదు నాన్నా,” అంది ఆశ, కాగితం, పెన్ను అందిస్తూ. “చీటీ రాసియ్యి.”