అలారంతో మాట్లాడిన మనిషి

ఓడ నిచ్చెన మీది నుంచి జారి మోకాలు విరగ్గొట్టుకున్న తర్వాత నేను మళ్ళీ కేజీఎఫ్‌కే, మా కోలారు బంగారు గనుల ఊరికే వచ్చాను. వేరే చోటికి వెళ్ళడానికి నాకు కారణమేదీ కనిపించలేదు. నాన్న గనిలో పనిచేసిన రోజుల్లో మాకు దొరికిన ఇల్లు అది. గనులు మూతపడ్డప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. ఆ తర్వాత ఓడల చదువు చదివి సెకండ్ ఆఫీసర్నయ్యాను. అమ్మ పోయినప్పుడు ఒకసారి, నాన్న పోయినప్పుడు ఒకసారి సముద్రం మీది నుంచి ఆలస్యంగా వచ్చి చూశాను. ఈసారి వచ్చేసరికి మా వరసలో సగం ఇళ్ళకు తాళాలున్నాయి. కొన్నింటికి తలుపులే లేవు. ఒకవైపు గోడ అవతల ఒక పెద్దమ్మ ఉండేది, గని కార్మికుడి భార్య, ఆయన పోయి చాలా కాలమైంది. రెండోవైపు ఎవరూ లేరు.

కుంటికాలితో మళ్ళీ ఓడ ఎక్కనివ్వరు. కానీ ఇరవై ఏళ్ళు చేసిన పని వృథా పోలేదు. ఓడలు నడిపే తీరును తనిఖీ చేసే ఒక ఆఫీసు నాకు ఇంట్లోంచి చేసే పని ఇచ్చింది.

ఆ పని ఏమిటో చెప్పాలి. ఇప్పుడు ఓడల్లో కాగితపు పటాలు దాదాపు పోయాయి. ఓడను నడిపే గదిని బ్రిడ్జి అంటాం. అక్కడ ఒక పెద్ద తెర ఉంటుంది. సముద్రం ఎక్కడ ఎంత లోతో, ఇసుకదిబ్బలు ఎక్కడున్నాయో, రాళ్ళు ఎక్కడున్నాయో అన్నీ ఆ తెర మీద కనిపిస్తాయి. వాటి మధ్య మన ఓడ చిన్న గుర్తుగా కదులుతూ ఉంటుంది. ఈ ఎలక్ట్రానిక్ చార్టును మేము ఎక్డిస్ అంటాం. ఓడ బరువెక్కి ఎంత లోతుకు మునిగిందో చూసుకుని, ఇంతకంటే తక్కువ లోతున్న చోటికి పోకూడదని దానికి మనం ముందే చెప్పిపెట్టాలి. ఓడ అటు పోతుంటే అది అరుస్తుంది. చెప్పింది తప్పయితే అది అరవాల్సినప్పుడు అరవదు, అక్కర్లేనప్పుడు అరుస్తుంది. దాని మీద ఏం కనిపించిందో, బ్రిడ్జి మీద ఎవరు ఏం మాట్లాడారో అంతా ఓడలోని ఒక పెట్టె దాచుకుంటుంది. అందులో కొన్ని గంటల రికార్డింగు నాకు పంపుతారు. నేను చూసి, విని, ఎక్కడ జాగ్రత్త పడాలో రాసి పంపాలి.

అలా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కదాన్నే కూర్చుని, నన్నెరగని మనుషుల మాటలు వింటూ ఉండేదాన్ని. ఒక్కో ఓడలో ఒక్కో భాష. ఆర్డర్లు మాత్రం ఇంగ్లీషులో. ఎవరు తొందరపడతారో, ఎవరు కెప్టెన్‌కు భయపడతారో, ఎవరికి ఇంటి మీద బెంగ ఉందో గొంతును బట్టి తెలిసిపోయేది. వాళ్ళకు మాత్రం నేనొకదాన్ని ఉన్నానని తెలియదు. గాలి వీచిన రోజు, బంగారం తీసేయగా మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బల మీది దుమ్ము కిటికీలోంచి వచ్చి కంప్యూటర్ మీద పడేది. తుడుచుకుంటూ వినేదాన్ని.

పెద్దమ్మకు ఈ పని అంతుపట్టేది కాదు. ఒకరోజు గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఏం పాపా, పొద్దస్తమానం ఆ పెట్టె ముందర కూర్చోని ఉండావు. ఏం చూస్తా ఉండావు అందులో?"

"ఓడలు చూస్తా ఉండాను పెద్దమ్మా."

"ఓడలా? ఈడ తాగను నీళ్ళే సరిగ్గా రావు, ఓడలు యాడుండాయమ్మా?"

తన మాటకు తానే నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఆ రోజు నాతో మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

వేసవి మొదట్లో ఒక బొగ్గు ఓడ రికార్డింగులు వచ్చాయి. మధ్యాహ్నం డ్యూటీ సెకండ్ ఆఫీసరుది. తెర మీద ఓడ ఖాళీగా, నిబ్బరంగా పోతోంది. అలారం మోగింది. ఒక మగ గొంతు మెల్లగా అంది: "ఇంగ చాలమ్మా, ఇన్నాను."

నేను రికార్డింగు ఆపేశాను. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. తెలుగు. అదీ మా వైపు తెలుగు. కోలారు బస్సులో, శ్రీనివాసపురం మామిడి మండీలో వినపడే తెలుగు. అంత దూరపు సముద్రం మీది నుంచి ఆ మాట మా ఇంట్లోకి వచ్చి పడింది.

అక్కడ అతని భాష తెలిసినవాళ్ళు ఎవరూ లేరని కాసేపటికే అర్థమైంది. పక్కన నిలబడి బయటికి చూసే నావికుడిది వేరే దేశం, కెప్టెన్‌ది మరో దేశం. ఇతను మాట్లాడుతున్నది ఎక్డిస్‌తో. అది కూసినప్పుడల్లా బటన్ నొక్కుతూ జవాబు చెబుతున్నాడు. "ఏందమ్మా మళ్ళా?" అంటాడు. "ఉండు తల్లీ, టీ తాగనీ" అంటాడు. ఒకసారి చేపల పడవ గుర్తు చూసి అది కూస్తే, "వాళ్ళ పొట్టకూడు వాళ్ళు సంపాదించుకోవద్దా, నువ్వట్లా అరిస్తే ఎట్ల?" అని కోప్పడ్డాడు. నేను పైకే నవ్వాను. నా నవ్వు ఆ గదిలో నాకే కొత్తగా వినిపించింది. పనికి కావలసిన దానికంటే ఎక్కువ గంటలు అతన్ని విన్నాను. మధ్యాహ్నం అన్నం పళ్ళెం కంప్యూటర్ పక్కనే పెట్టుకుని, అతను మాట్లాడుతుంటే తినేదాన్ని.

తర్వాతి రికార్డింగులో ఓడ బొగ్గు నింపుకుని బయలుదేరింది. ఇప్పుడది చాలా లోతుకు మునిగి ఉంది. తెర మూలనున్న అంకెలు మరోసారి చూశాను. ఓడ ఖాళీగా ఉన్నప్పటి లోతు హద్దే అలాగే ఉంది, ఎవరూ మార్చలేదు. పైగా మాటిమాటికీ అరుస్తోందని కాబోలు, అది ఎంత ముందుకు చూసి హెచ్చరించాలో ఆ దూరాన్ని బాగా తగ్గించేశారు. అంటే నిజంగా ప్రమాదం వచ్చినా అది చెప్పేసరికి ఆలస్యమైపోతుంది.

ఎదురుగా చేపల పడవలు వచ్చాయి. అతను ఓడను కుడికి తిప్పాడు. సరైన పనే. అనుకున్న దారి తప్పినందుకు అలారం మోగింది. "తెలుసులేమ్మా, నేనే తిప్పినాను" అన్నాడు. పడవలు దాటిపోయాయి. కానీ ఓడను మళ్ళీ దారిలోకి తీసుకురాలేదు. ఇంకా పడవలేమైనా ఉన్నాయేమోనని రాడార్ చూస్తున్నాడు. ఎక్డిస్ తెరను ఎంతో దూరం కనిపించేలా పెట్టుకున్నాడు. అందులో ముందున్న ఇసుకదిబ్బ ఆవగింజంత ఉంది.

మళ్ళీ అలారం. ఈసారిది వేరే. ముందు లోతు లేదని చెప్పే అలారం.

"సరే సరే, ఇన్నాను" అన్నాడు, అదే గొంతుతో. బటన్ నొక్కాడు.

"ముందుకు చూడు నాయనా!" అని నేను అరిచాను. కుర్చీలోంచి లేచి నిలబడ్డానని తర్వాత తెలిసింది. అదంతా ఎప్పుడో జరిగిపోయిన సంగతి. ఓడకు ఏమైనా అయ్యుంటే ఆఫీసు ముందే చెప్పేది, ఏమీ కాలేదని నాకూ తెలుసు. అయినా ఆ క్షణంలో నాకు అదేదీ తోచలేదు.

పక్కనున్న నావికుడు తాపీగా ఇంగ్లీషులో చెప్పాడు, ఎదురుగా బోయా కనిపిస్తోందని. ఇటు రావద్దని చెప్పడానికి దిబ్బల దగ్గర తేలేలా కట్టిపెట్టే గుర్తు అది. తర్వాత సెకండ్ ఆఫీసర్ గొంతు పెద్దగా లేచింది, ఎడమకు పూర్తిగా తిప్పమని. బరువెక్కిన ఓడ అంత తొందరగా తిరగదు. తెర మీది గుర్తు మెల్లగా, మెల్లగా పక్కకు ఒరిగింది. దిబ్బ కుడివైపున దాటిపోయింది. తర్వాత అతను "అమ్మా" అన్నాడు. అది యంత్రాన్ని పిలిచిన పిలుపు కాదు.

నా అరుపు విని పెద్దమ్మ పరుగున వచ్చింది. ఏమైందని అడిగింది. కూర్చోబెట్టి అర్థమయ్యేలా చెప్పాను. చాలాసేపు తెర వైపు చూసి, "మాకూ అంతే పాపా" అంది. "లోపల రాయి పగిలితే ఈడ నేల అదిరేది. ఎవురికి ఏమైనాదో షిఫ్టు మారేదాకా తెలిసేది లేదు. గేటు కాడ నిలబడుకోని ఉండేవాళ్ళం."

కాసేపు నా పక్కనే కూర్చుంది.

జరిగింది జరిగినట్టే రాశాను. హద్దు మార్చకపోవడం అతనొక్కడి పొరపాటు కాదనీ, కెప్టెన్ కూడా సరిచూడాల్సిందనీ రాశాను. అతనితో నేరుగా మాట్లాడతానని ఆఫీసును అడిగాను. ఒప్పుకున్నారు. ఓడ ఒక రేవు బయట లంగరు వేసి ఉన్నప్పుడు ఫోను కలిపారు. అతను ఇంగ్లీషులో చాలా మర్యాదగా, బిగుసుకుపోయి మాట్లాడాడు. నేను తెలుగులో అడిగాను.

"మీది ఏ ఊరప్పా?"

లైను పోయిందేమో అనుకున్నాను.

"గౌనిపల్లి పక్కన మేడమ్" అన్నాడు చివరికి. "మీరు?"

"కేజీఎఫ్."

"అయితే మీరు అంతా ఇన్నారా? నేను మాట్లాడినదంతా?"

"విన్నాను."

"నగినారా?"

"నగినాను. నీ మాటకు కాదు, మన మాట ఇన్నందుకు."

అతను అప్పుడు మెల్లగా చెప్పుకొచ్చాడు. నెలల తరబడి తన భాషలో ఒక్క మాట మాట్లాడే మనిషి లేడు. ఇంటికి ఫోను ఎప్పుడో గానీ కలవదు, కలిసినా అందరూ బాగున్నారా అన్నంతలో తెగిపోతుంది. బ్రిడ్జి మీద తనను మాటిమాటికీ పిలిచేది అదొక్కటే.

"అది పిలిచినప్పుడల్లా పలికినాను మేడమ్. ఏం చెప్తా ఉండాదో మాత్రం ఇనలేదు."

తర్వాత చెప్పవలసినవి చెప్పాను. సరుకు నింపగానే, రేవులో కట్టిన తాడు విప్పకముందే, కొత్త లోతు హద్దు పెట్టి ఇంకొకరితో సరిచూపించమన్నాను. ముందుచూపు దూరం తగ్గించవద్దన్నాను. చార్టు మరీ దూరానికి పెడితే చిన్నవి కనిపించవని, ఉపగ్రహం చెప్పిన చోటునే నమ్మకుండా రాడార్‌తో, కంటితో పోల్చుకోవాలని చెప్పాను. ఇవన్నీ అతనికి తెలిసినవే. అలారం మోగితే ముందు అది ఏమంటోందో పైకి చదువు, కిటికీ దగ్గరికి వెళ్ళి చూడు, ఆ తర్వాతే బటన్ అన్నాను. "సరే అక్కా" అన్నాడు. మేడమ్ అనే పిలుపు ఎప్పుడు పోయిందో ఇద్దరమూ గమనించలేదు.

కొన్నాళ్ళకు అదే ఓడ రికార్డింగులు మళ్ళీ వచ్చాయి. లోతు హద్దు సరిగ్గా ఉంది. అలారం మోగింది. అతను దాన్ని ఇంగ్లీషులో పైకి చదివాడు. అడుగుల చప్పుడు కిటికీ దాకా వెళ్ళింది. "క్లియర్" అన్నాడు. బటన్ నొక్కాడు. గంటల తరబడి అంతే. ఒక్క తెలుగు మాట లేదు. నేను చెప్పినట్టే చేస్తున్నాడు. వినేవాళ్ళున్నారని కూడా ఇప్పుడతనికి తెలుసు. నాకు సంతోషం వేసింది. ఏ లోపమూ లేదని ఆఫీసుకు రాసి పంపి, చీకటి పడేదాకా కుర్చీలోంచి లేవలేదు. ఆ మధ్యాహ్నం అన్నం వండుకోలేదు.

మామిడికాయలు మండీకి వచ్చే కాలంలో అతను సెలవులో ఊరికొచ్చాడు. ఆఫీసు ద్వారా నా నంబరు తీసుకుని ఫోను చేసి, ఒక ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి బుట్టెడు పండ్లతో మా గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. ముప్పై దాటిన మనిషి, సన్నగా, నేను ఊహించుకున్నదానికంటే పొట్టిగా ఉన్నాడు. లోపలికి రమ్మంటే చెప్పులు బయట విడిచి, కుర్చీ అంచున కూర్చున్నాడు. ఓడ గురించి అడిగితే చెప్పాడు. కొత్త కంపెనీలో చేరుతున్నానని చెప్పాడు. మళ్ళీ మేడమ్ అనడం మొదలుపెట్టాడు. అతని గురించి నాకు అన్నీ తెలిసినట్టే ఉండేది, ఎదురుగా కూర్చుంటే మాత్రం ఏం అడగాలో తోచలేదు.

నేను టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. పండ్ల వాసనకేమో, పెద్దమ్మ వచ్చింది. ఏ ఊరు, ఎన్ని చెట్లు, ఈ ఏడు పూత నిలిచిందా అని మొదలుపెట్టింది. అతను చెప్పసాగాడు. వడగళ్ళు పడి సగం పిందెలు రాలినాయని, లారీలవాళ్ళు ఆడినదే ఆటగా ఉండాదని, తనకు చెట్టెక్కడం ఇంగ మరిచిపోయినట్టుందని. పెద్దమ్మ నవ్వుతోంది. అదే గొంతు. నేను పొయ్యి దగ్గరే నిలబడి విన్నాను. టీ మరిగి మరిగి చిక్కబడింది.

సాయంత్రం బస్సు దాకా అతనితో నడిచాను. నా కుంటికాలి కోసం అతను మెల్లగా నడిచాడు. స్టాండులో బస్సు కోసం చూస్తూ అడిగాడు.

"ఈ ఇంట్లో ఒగరే ఉంటారా మేడమ్?"

"అవునప్పా."

"కష్టంగా లేదా?"

"నువ్వు ఓడలో ఉండలేదా?"

"నాకు నెలలు లెక్క ఉండాయి. అయిపోతే దిగి వచ్చేస్తాను" అన్నాడు. అన్న తర్వాత అనకూడనిది అన్నట్టు తల దించుకున్నాడు. ఏం పర్వాలేదని అతని భుజం తట్టాను. బస్సు బేతమంగళ రోడ్డు మీదికి తిరిగేదాకా నిలబడ్డాను. కొత్త కంపెనీ ఓడల రికార్డింగులు మా ఆఫీసుకు రావు. అతని గొంతు తర్వాత నేను వినలేదు.

ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ మా అరుగు మీద కూర్చుని ఉంది. ఆ అబ్బాయి మళ్ళీ ఎప్పుడొస్తాడని అడిగింది. తెలియదన్నాను. ఆ పూట ఆమె మా ఇంట్లోనే అన్నం తిన్నది.