గుట్టదారికి ముళ్లకంచె

తడ దగ్గరి ఆ గుట్టకు పేరు లేదు. ఎక్కితే మాత్రం పులికాట్ సరస్సు మొత్తం కనబడతాది, దాని అవతల సన్నగా సముద్రం. చలికాలంలో నీళ్ల మీద గులాబీరంగు మరకలాగా ఫ్లెమింగోలు. నా సొంతూరు ఏర్పేడు. తడలో టీచరుగా చేరినాక నాకు ఆ దారి చూపించింది మేకలు మేపే ఒక అక్క. అప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే ఆమె మేకల వెనకాలే ఎక్కేదాన్ని.

పోయిన చలికాలం ఒక ఆదివారం దారికి అడ్డంగా ముళ్లకంచె ఉండాది. బయట అక్క నిలబడి, కంచెలో ఇరుక్కుని చెవి చీలిన మేకపిల్లకు పసుపు అద్దుతాంది.

"రిసార్టు వాళ్లదంటమ్మా. అందులో దిగినోళ్లకే దావ" అన్నాడు కాపలాదారు.

"గుట్టను వాళ్లకు ఎవురిచ్చినారప్పా?" అని గట్టిగానే అడిగినాను.

గొడవ విని మేనేజరు వచ్చినాడు. నా చీర, చేతిసంచి చూసి నవ్వినాడు. "మీరు చదువుకున్నోళ్లు మేడం, రండి, చూసుకుని పోండి. మేకలు, వాటి మనుషులు మాత్రం కుదరదు. గెస్టులకు వాసన."

అక్క తల దించుకునింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆమె చూపించిన దారిలో ఆమెను వదిలేసి నేను పోవాల్నా?" అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను.

మరుసటి రోజే సెలవు పెట్టి ఊరి పటం కాపీ తీసుకున్నాను. అందులో గుట్టదారి బండిదారిగా స్పష్టంగా ఉండాది. ఊళ్లో ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించి, అక్కను వెంటబెట్టుకుని తాసిల్దారుకు అర్జీ ఇచ్చినాను. సర్వేయరు రేపు మాపంటూ రెండు నెలలు తిప్పినాడు. చివరికి వచ్చి కొలిచినాడు. అది సర్కారు దారే. కంచె పీకినారు.

అందరూ గెలిచినామన్నారు. ఆ రెండు నెలల్లో మేపు లేక అక్క సగం మందను సంతకు తోలేసిందని ఎవరూ అనలేదు.

మళ్లీ ఎక్కిన రోజు మేనేజరు ఎదురొచ్చి, "నమస్తే మేడం" అన్నాడు. నాకు మాత్రమే. పక్కనున్న అక్క వైపు చూడనే లేదు.

నేను అక్క చెయ్యి పట్టుకుని అతని ముందరే నిలబడినాను.

"పోనీలే టీచరమ్మా, నడువు, ఎండ ఎక్కతాంది" అనింది అక్క. ఆమె పోనిచ్చింది. నాకు ఈరోజుకీ చేతగాలేదు.