నలభై పొయ్యిలు

సోమేశ్వర్‌కు యాభై మూడేళ్లు. జనగామలో తొమ్మిది అద్దె ఇళ్లు మారాడు. ప్రతిసారీ సామానుతో పాటు ఒక రంగు డబ్బా వచ్చేది. అందులో భార్య లీలావతి పెంచిన కరివేపాకు చెట్టు. ఏ ఇంటివాళ్లూ దాన్ని నేలలో పెట్టనివ్వలేదు. వేళ్లు గోడ కిందికి పోతాయన్నారు.

అతని ఉద్యోగం సర్వేయరు వెనక గొలుసు పట్టుకొని నడవడంతో మొదలైంది. తర్వాత గీత నేర్చుకున్నాడు. మున్సిపల్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్ అయ్యాడు. ఇరవై ఏళ్లు ఊళ్లోవాళ్ల ప్లాట్లు గీశాడు. అన్నీ ఒకే తీరు. రోడ్డు, ప్లాటు, మళ్లీ రోడ్డు.

మనసుపెట్టి గీసింది ఒక్కటే. లింగాల ఘనపూర్ దారిలో నాలుగెకరాల చెలక, మెట్ట భూమి. బీడీలు చుట్టేవాళ్లు, హమాలీలు, దర్జీలు, నలభై కుటుంబాలు సంఘంగా కూడి అక్కడ ఇళ్లు కట్టుకోవాలనుకున్నాయి. అతని కుటుంబమూ అందులో ఒకటి. రోడ్డు వైపు కింద దుకాణాలు, పైన ఇళ్లు. వెనక వరుసల్లో, ఖర్చు తగ్గేలా, గోడకు గోడ కలిపిన చిన్న ఇళ్లు. కప్పుల మీది వాన నీరంతా మధ్యలోని పాత బావికి. బావి చుట్టూ అందరూ కలిసి పండించుకునే కూరగాయల మడులు.

తెలంగాణ కోసం ఉద్యోగులంతా దిగిన సకల జనుల సమ్మెకు ముందు రోజు సాయంత్రం పై అధికారి ఆ ప్లాను మీద సంతకం పెట్టాడు. మరునాటి ఏర్పాట్ల హడావిడిలో సోమేశ్వర్ కాగితం తీసుకోవడం మరిచాడు. పొద్దున ఆఫీసుకు తాళం వేసింది అతనే. తాళంచెవి అతని అంగీ జేబులో ఉంది.

భూమి సరోజనది. భర్త పోయాక వ్యవసాయం ఆమే చూసుకుంటోంది. సంఘం కొంటామని పోతే ఆమె ముందే చెప్పింది.

"పెత్రమాస దాక ఆగుత. మంజూరైన కాయిదం సూపెట్టుండ్రి. లేకుంటె శివప్రసాద్ సేటుకిస్త."

శివప్రసాద్ జనగామలో ప్లాట్లు కోసి అమ్మే వ్యాపారి.

పెత్రమాసకు, అంటే భాద్రపద అమావాస్యకు, నాలుగు రోజులు మిగిలాయి. సమ్మె టెంటు కింద గట్టమ్మ అతని పక్కన కూర్చుంది. ఆమె బీడీ కార్మికురాలు, సంఘానికి పెద్ద.

"తాళంచెవి జేబుల వెట్టుకొని తాళం దిక్కు సూస్తవేంది సారూ? ఒక్కపారి తియ్యరాదు?"

"ఇయ్యాల నా కాయిదానికి తీస్తె, రేపు ఇంకొకని కాయిదానికి తియ్యాలె. ఇగ సమ్మె ఏడిది?"

"నీ ఇల్లు గూడ పోతది మరి."

"పోతది."

ఇంట్లో లీలావతి అంతా వింది. కరివేపాకు డబ్బాలో నీళ్లు పోసింది.

కాగితం చూపలేకపోతే ప్లానును నేల మీదే చూపిద్దామనుకున్నాడు. సున్నంతో పునాదుల ముగ్గు పోద్దామన్నాడు. సంఘం ఒప్పుకోలేదు. భాద్రపదం శూన్యమాసం. ఆ నెలలో ఇంటికి ముగ్గు పోయరు.

"ఎండకాలం రోడ్ల మీద వంటావార్పు జేసినం గద," అంది గట్టమ్మ. "గీడ చేద్దాం. ప్లానుల ఎవలి వంట అర్ర ఏడ వస్తదో గాడ్నే వాల్ల పొయ్యి."

సోమేశ్వర్‌కు అది బాగుందనిపించింది. టేపు పట్టి నలభై చోట్ల మూడేసి రాళ్లు పెట్టించాడు.

పెత్రమాస పొద్దున నలభై పొయ్యిలు అంటుకున్నాయి. పొగలు వరుసలుగా లేచాయి. అతను ఇరవై ఏళ్లలో కాగితం మీది గీత ఇలా పైకి లేవడం చూడలేదు.

కారు ఆగింది. సరోజన దిగింది. వెనక శివప్రసాద్.

"పొయ్యిలు ఎవలు రాజెయ్యమన్నరు?" అంది సరోజన. గొంతు పెంచలేదు. "పొయ్యి రాజేస్తె ఇల్లు జొచ్చినట్టే. నా భూమిల నన్నడగకుంట ఇల్లు జొచ్చిండ్రా?"

ముగ్గు గురించి అంత ఆలోచించినవాళ్లలో ఒక్కరికీ పొయ్యి వెలిగిస్తే గృహప్రవేశమేనన్న సంగతి తట్టలేదు.

"తప్పయింది అమ్మా," అన్నాడు సోమేశ్వర్. "రాళ్లు నేనే వెట్టించిన."

"కాయిదమేది?"

"ఆఫీసుల ఉన్నది. సంతకమైంది. తాళం నేనే ఏసిన."

"తియ్యలేవా, తియ్యవా?"

"తియ్యనమ్మా."

ఆమె అతని వైపు చూసింది. తర్వాత పొయ్యిల మధ్య నుంచి నడిచింది. ఒక్కో కుండ దాటుకుంటూ పోయి మధ్యలో ఆగింది. అక్కడ పొగ లేదు.

"గీడ ఎవలు గూసోలేదేంది?"

"అది ఎవలి ఇల్లు గాదమ్మా. కూరగాయల మడులు, అందరివి. నీల్లు గీ బాయివే."

ఆ బావి ఆమె భర్త తవ్వించినదే. ఆమె వంగి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది.

శివప్రసాద్ కారు దగ్గరే నిలబడ్డాడు.

"నాకొద్దమ్మా గీ జాగ," అన్నాడు. "శూన్యమాసంల నలభై పొయ్యిలు రాజేసిండ్రు. పొద్దుగూకక ముందే జనగామంత తెలుస్తది. ఇగ ప్లాట్లెవలు కొంటరు?"

"మేం లేమా సేటూ," అంది గట్టమ్మ.

"మీకు అడ్డేమున్నది అవ్వా. మీరు పొయ్యి మీన్నే ఇల్లు గడ్తరు."

అతను కారెక్కి కూర్చున్నాడు. కానీ శూన్యమాసంలో పొయ్యి రాజేశారన్న అతని మాట సంఘంవాళ్లూ విన్నారు. దర్జీ జగదీష్ నీళ్లు చల్లి పొయ్యి ఆర్పాడు. సగం ఉడికిన అన్నం కుండ నెత్తికెత్తుకున్నాడు.

"ఇంట్ల పసిపోరి ఉన్నది సారూ. ఏమనుకోకు."

ఒకరి వెంట ఒకరు, అతనితో కలిపి తొమ్మిది కుటుంబాలు లేచాయి.

సరోజన తిరిగి వచ్చింది.

"ఇంకొకడు కొనకుంట జేసిండ్రు," అంది. "సమ్మె ఒడిసే దాక ఆగుత. ఒడిసినంక ఒక్కటే రోజు."

గట్టమ్మ ఆకులో అన్నం పెట్టి ఇచ్చింది. సరోజన తీసుకోలేదు. వద్దనీ అనలేదు. కారెక్కింది.

సమ్మె నలభై రెండు రోజులు నడిచింది. ఆ రోజుల్లో సోమేశ్వర్ తొమ్మిది ఇళ్లకూ పోయాడు. ఎవరూ కూర్చోమనలేదు.

సమ్మె ముగిసిన పొద్దున ఆఫీసు గేటు దగ్గర జగదీష్ నిలబడి ఉన్నాడు. సోమేశ్వర్ తాళం తీసేదాకా ఆగాడు.

"శూన్యమాసం పోయింది గద సారూ. నా జాగ ఉన్నదా?"

"ఉన్నది. తక్కినోల్లు?"

"నన్ను సూసి రమ్మన్నరు."

ఫైలు దుమ్ము పట్టి ఉంది. మధ్యాహ్నానికల్లా కాగితం సరోజన ముందు పరిచాడు. ఆమె చదవలేదు.

"బాయేది?"

సోమేశ్వర్ వేలు పెట్టి చూపించాడు. ఆమె తన వేలు కూడా అక్కడ పెట్టింది.

"ముగ్గు ఎన్నడు పోస్తరు?" అంది.