మా ఆవిడ నా కోసం నడిచిన సాయంత్రాలు

కోడుమూరు దగ్గర ఒక చేను కొలుస్తూ గట్టు మీంచి జారి పడ్డాను. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. కర్నూలు ఆసుపత్రిలో లోపల రాడ్ వేసి, మూడు నెలల పాటు ఆ కాలు నేలకు ఆనించొద్దని చెప్పి ఇంటికి పంపారు. నేను సర్వేయర్ని. ఎండలో చేలగట్ల వెంబడి తిరగడమే నా ఉద్యోగం. అలాంటి నేను కిటికీ పక్క మంచం మీద పడి, ఎదురింటి గోడ మీద ఎండ ఎంత దాకా వచ్చిందో చూస్తూ రోజులు గడపాల్సి వచ్చింది.

మాకు పెళ్లై అప్పటికి ఐదేళ్లు. పెళ్లైన కొత్తలోనే ఇద్దరికీ ఒక పిచ్చి పట్టుకుంది. ఫోన్‌లో వింత జంతువుల్ని పట్టే ఆట. మనం వీధిలో నడుస్తుంటే ఫోన్‌లోని పటం మీద మన బొమ్మ కూడా నడుస్తుంది. దారిలో ఏదో ఒకటి ఎగురుతూనో పాకుతూనో కనబడుతుంది. వేలితో బంతి విసిరి దాన్ని పట్టుకోవాలి. గుడ్లు కూడా ఉంటాయి, ఇన్ని కిలోమీటర్లు నడిస్తేనే అవి పగులుతాయి. ఇంట్లో కూర్చున్నవాడికి ఏమీ దక్కదు. అందుకే నాకు ఆ ఆట నచ్చింది.

మా ఆవిడ వాటిని జీవాలు అనేది, గొర్రెల్నీ మేకల్నీ అన్నట్టే. "పా, జీవాల్ని తోలకొద్దాం" అంటూ సాయంత్రం చెప్పులేసుకునేది. కొండారెడ్డి బురుజు చుట్టూ, కాలువ గట్టు మీద, ఒక్కోసారి తుంగభద్ర ఒడ్డు దాకా పోయేవాళ్లం. కొత్తలో ఒకరితో ఒకరం ఏం మాట్లాడాలో తెలియని మాకు ఆ నడకలే మాటలు నేర్పాయి. ఒకసారి శ్రీశైలంలో దర్శనం వరుసలో నిలబడి ఒక అరుదైన జీవాన్ని పట్టి "దొరికింది!" అని అరిచాను. ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగి, "దేవుడా నాయనా?" అన్నాడు. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

కాలు విరిగాక నాకు అన్నింటికన్నా ఎక్కువ దిగులు ఆ నడకలు పోయినందుకే. రెండో వారంలో ఆమే అంది, "నీ ఫోన్ నాకియ్యి. నీ తరపున నేను నడిచొస్తా."

ఆ రోజు నుంచి సాయంత్రం ఐదింటికి నా ఫోన్ తీసుకుని పోయి ఆరున్నరకి వచ్చేది. వచ్చి మంచం పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చూపించేది. నేను ఊరుకునేవాణ్ని కాదు. ఇది ఏ మలుపు దగ్గర దొరికింది, అక్కడ జనం ఉన్నారా, కాలువలో నీళ్లు వదిలారా అని అడిగేవాణ్ని. ఆమె అన్నీ చెప్పేది. కాలువ వంతెన దగ్గర సీతాఫలాలు అమ్ముకునే ఒక అవ్వ గురించి ఎక్కువగా చెప్పేది. "మీ ఆయన కాలు యాడికొచ్చెమ్మా?" అని ఆ అవ్వ రోజూ అడుగుతుందట. ముఖం కూడా చూడని ఆ ముసలామె మీద నాకు ఇష్టం ఏర్పడింది. కాలు బాగైతే మొదట పోయి ఆమెను పలకరించాలనుకున్నాను.

రెండు నెలలు అలా గడిచాక ఒక మధ్యాహ్నం ఆట తెరిస్తే ఎర్ర అక్షరాలతో హెచ్చరిక కనబడింది. నా ఖాతాలో అనుమతి లేని పరికరం వాడినట్టు గుర్తించారట. ఇంకోసారి జరిగితే ఖాతా మూసేస్తారట. ఆ రెండు నెలల్లో పట్టిన జీవాల్లో చాలావాటి బొమ్మల మీద అడ్డంగా ఒక గీత గీసి ఉంది.

నాకు ఒళ్లు మండింది. అప్పటికప్పుడు కంపెనీకి ఉత్తరం రాశాను. నేను ప్రభుత్వ సర్వేయర్నని, ఏ హద్దురాయి ఎక్కడుందో చెప్పి కింద సంతకం పెట్టడం నా పని అని, కాలు విరిగి మంచంలో ఉంటే నా భార్య ప్రతి సాయంత్రం ఈ ఫోన్ పట్టుకుని తన కాళ్లతో నడిచిందని, అందుకు నేను హామీ అని రాశాను. మా ఆవిడ కింద చాప మీద కూర్చుని శనక్కాయలు వలుస్తోంది. రాసిందంతా తెలుగులో ఆమెకు చదివి వినిపించాను.

"బాగుండాదా?" అన్నాను.

ఆమె తలెత్తలేదు. "బాగుండాది. పంపు" అంది.

పంపాను.

ఆ ఆదివారం మా ఆఫీసు కుర్రాడొకడు నన్ను చూడ్డానికి మళ్లీ వచ్చాడు. నాకంటే పదేళ్లు చిన్న, నన్ను అన్నా అంటాడు, వాడూ ఆ ఆటే ఆడతాడు. జరిగిందంతా కోపంగా చెప్పి, నేను రాసిన ఉత్తరం చూపించాను. వాడు సగం చదివి ఆగిపోయాడు. వాడి చూపు నా మీద నుంచి వంటింటి గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ మీదకి పోయింది. ఒక్క క్షణమే. ఆమె కళ్లు దించుకుంది.

"ఏమప్పా, ఏం జరిగింది?" అన్నాను.

"అది కాదన్నా... ఇప్పుడు అందరూ వాడతాండారు. వదిన అడిగితే..."

"వాన్నేమీ అనొద్దు" అంది మా ఆవిడ. "తెప్పిచ్చమన్నది నేనే."

లోపలికి పోయి కుట్టుమిషను సొరుగులోంచి వేలెడంత నల్లటి వస్తువు తెచ్చి నా దుప్పటి మీద పెట్టింది. ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టే చోట దాన్ని గుచ్చి, పటం మీద వేలితో దారి గీస్తే చాలు. మనిషి కూర్చునే ఉన్నా ఫోన్ ఆ దారి వెంట నడుస్తున్నట్టే ఆట నమ్ముతుంది. కుర్రాడు టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

"మరి రోజూ యాడికి పోయినావు?" అని అడిగాను.

"మిద్దె మీదికి."

"ఏ మిద్దె?"

"మన మిద్దే. నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుంటాంటి."

అంటే సరిగ్గా నా మంచానికి పైన. కాలువ గట్టు మీద గాలి ఎలా ఉందోనని నేను ఊహించుకుంటూ పడుకున్నంత సేపూ ఆమె నా నెత్తి మీదే కూర్చుని ఉంది.

"ఆ అవ్వ?"

"యా అవ్వా లేదు. నువ్వు దినామూ అడుగుతాంటివి. ఏదో ఒగటి చెప్పల్ల కదా."

నేను గట్టిగా అరిచాను. ఏం అరిచానో ఇప్పుడు సరిగా గుర్తు లేదు. ఆమె మాటలు మాత్రం గుర్తున్నాయి.

"మొదట పదైదు దినాలు నిజంగానే నడిస్తి. పొద్దున్నుంచి నీకు నీళ్లు పోసి, బట్టలు మార్చి, అన్నం పెట్టి, మళ్లా నీ జీవాల కోసరం నడిచొచ్చి, వచ్చినాక అదంతా నీకు అప్పజెప్పి, మళ్లా వంట. నాకు ఒగ గంట కావల్లంటే ఏమని అడగల్ల? నీ కాడ నుంచి పోతానని చెప్తే నీకు బాధ కాదా?"

"చెప్పింటే నేను వద్దంటానా?"

"అనవు. మొగం ముడుచుకుంటావు."

అది నిజమే. అయినా ఆ నిజం నా కోపాన్ని తగ్గించలేదు. ఒక గంట ఆమె ఒంటరిగా కూర్చున్నందుకు కాదు నా బాధ. ఉత్తరం చదివి వినిపిస్తే "పంపు" అందే, అది. ఆమె మీద నమ్మకంతో నేను ఎవరో తెలియని వాళ్లకు హామీ ఇస్తుంటే ఆమె శనక్కాయలు వలుస్తూ కూర్చుంది. కుర్రాడికి తెలుసు. వాడి స్నేహితులకూ తెలిసే ఉంటుంది. తెలియనిది నాకొక్కడికే.

నాలుగు రోజులు మాట్లాడలేదు. కానీ స్నానాలగదికి పోవాలంటే ఆమె భుజం పట్టుకోవాల్సిందే. ఆమె వచ్చి భుజం ఇచ్చేది, నేను చెయ్యి వేసేవాణ్ని. మా పెళ్లయ్యాక అంత దగ్గరగా, అంత దూరంగా ఎప్పుడూ లేము.

వారం తర్వాత కంపెనీ జవాబు వచ్చింది. నా విన్నపం పరిశీలించారట, నిర్ణయంలో మార్పు లేదట. మర్యాదగా రెండు వాక్యాలు. అవి చదివినప్పుడు, తప్పుడు కొలత మీద సంతకం పెట్టి దొరికిపోయినవాడిలా సిగ్గుపడ్డాను. ఆ ఆట తీసేశాను. నా చేతులారా పట్టిన పాతవి కూడా దాంతోనే పోయాయి.

మూడో నెల దాటాక కర్రతో నడవడం మొదలుపెట్టాను. ఉద్యోగంలో చేరాను. కుర్రాడు ఇప్పటికీ అన్నా అనే పిలుస్తాడు, పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడడు. మా ఆవిడ ఇప్పుడు సాయంత్రం, "నేను మిద్దె మీద ఉంటా" అని చెప్పే పోతుంది. నేను సరే అంటాను.

మొన్న ఒక సాయంత్రం తనే, "కాలవ దాకా పోదామా?" అంది. పోయాం. నేను నెమ్మదిగా నడుస్తున్నాను, ఆమె నాతో సమంగా అడుగు వేస్తోంది. కొంత దూరం పోయాక, "ఆ తీగ మీద లకుముకి పిట్ట ఉండాది" అంది. నేను ఆగి, తలెత్తి, పిట్ట కనబడ్డాకే ఊఁ అన్నాను. ఆమె అది గమనించింది. నా కంటే నాలుగడుగులు ముందుకు నడిచింది.