మా ఇంట్ల చుక్క కారదు

మొన్న గురువారం కాన్నుంచి మా బిల్డింగుల నా మాట ఎవ్వరు నమ్ముతలేరు. నిజం చెప్పినా పకపక నవ్వుతున్నరు. అంతా ఆ ఇంగ్లీషు క్లాసు పుణ్యం! చాయ్ పోసుకోర్రి, మొదటికెల్లి చెప్త.

నేను దిల్‌సుఖ్‌నగర్‌ల చీరెల షాపుల కౌంటర్ మీద ఉంట కదా. ఈ మధ్య వచ్చే కస్టమర్లు సగంమంది ఇంగ్లీషే. వాళ్ళు గడగడా ఏదో అడుగుతరు, నేను నవ్వుత. నవ్వుకు గ్రామర్ ఉండది కదా! కానీ ఎన్ని దినాలు నవ్వుత చెప్పుర్రి? అందుకే చైతన్యపురిల స్పోకెన్ ఇంగ్లీష్‌ల చేరిన. పొద్దున పూట క్లాసు, అయినంక షాపు.

మా సార్‌ది ఒక పద్ధతి ఉన్నది. "నోట్‌బుక్కుల రాసుకున్న ఇంగ్లీషు నోట్‌బుక్కులనే ఉంటది అమ్మా, ఇంట్ల గోడలకు అంటియ్యుర్రి, నోట్లెకు అదే వస్తది" అంటడు. రోజుకో మాట ఇస్తడు. ఆ మాటతోని సెంటెన్సులు చీటీల మీద రాసి, ఏ వస్తువు గురించి రాస్తే ఆ వస్తువు మీదనే అంటిచ్చి, ఫోటో తీసి గ్రూపుల పెట్టాలె. 'హెవీ' ఇచ్చిన రోజు బియ్యం డబ్బాకు అంటిచ్చిన. 'స్లీప్' ఇచ్చిన రోజు మా ఆయన పండుకుంటే బనీను వెనక "హి ఈజ్ స్లీపింగ్" అని అంటిచ్చిన. ఆయన అట్లనే పోయి పాల ప్యాకెట్ తెచ్చిండు. కిరాణం షాపాయన మూడు రోజులు నవ్విండంట.

ఇగ మొన్న గురువారం పొద్దున సార్ ఇచ్చిన మాట 'లీక్'. అబ్బ, ఎంత అల్కగున్నదో అనుకున్న! బొట్టు బొట్టు కారుడు, అంతే కదా. కానీ ఒక్కటే కష్టం, మా ఇంట్ల ఏదీ కారదు. మా ఓనర్ ఆంటీ ఇల్లు అట్ల కట్టిచ్చుకున్నది. వాళ్ళది గుంటూరు దిక్కు. ఇల్లంటే పాణం. నల్లా కొంచెం బిగుసుకపోయినా ప్లంబర్‌ను పిలుస్తది. అయినా హోంవర్క్ హోంవర్కే కదా! ఊహించుకోని రాసిన. వంటింట్ల నల్లాకు "ద ట్యాప్ ఈజ్ లీకింగ్". బాత్రూమ్ గోడకు "ద వాల్ ఈజ్ లీకింగ్". ఫ్రిజ్‌కు "ద ఫ్రిజ్ ఈజ్ లీకింగ్". సిలిండర్‌కు "ద గ్యాస్ ఈజ్ లీకింగ్". స్టూల్ ఎక్కి బెడ్రూమ్ గోడకు, పైన స్లాబ్ దగ్గర, పెద్ద పెద్ద అక్షరాలతోని "ద రూఫ్ ఈజ్ లీకింగ్". ఫోటోలు కొట్టి పంపి, చీటీలు తీసుడు మర్చిపోయి షాపుకు పోయిన. చూసినరా, అక్కడ పడ్డది బీజం.

ఇప్పుడు మా చెల్లె కథ జర వినాలె. మా చెల్లె మమత ఎల్బీ నగర్‌ల కిరాయికుంటది. వానొస్తే వాళ్ళ ఇంట్ల బకెట్లు, గిన్నెలు, ఆఖరికి కుక్కర్ సుత మంచాల నడుమ పెట్టుకుంటరు. ఆ ఇల్లు పడగొట్టి కొత్తగ కడ్తమని వాళ్ళ ఓనర్ ఖాళీ చెయ్యమన్నడు. అదే టైంకు మా పై పోర్షన్ ఖాళీ అయింది! నేను ఎగిరి గంతేసిన. పెండ్లిళ్ళు అయిన కాన్నుంచి మా అక్కచెల్లెండ్లకు ఒక్కటే ఆశ, పైనొకలం కిందొకలం ఉండాలని. చంటిపిల్లతోని ఒక్కతే తిప్పలు పడుతున్నది. కిందికెల్లి పిలిస్తే పలికేంత దూరంల ఉంటే ఎంత మంచిగుంటది!

కానీ రెండు అడ్డంకులున్నయి. ఒకటి, పక్క హాస్టలాయన ఆ పోర్షన్ నాకే కావాలని ఆంటీ ఎంబడి పడ్డడు. "సునీతా, నాకూ ఫ్యామిలీ వాళ్ళకే ఇవ్వాలని ఉందమ్మా. కానీ గురువారం సాయంత్రానికి మీవాళ్ళు ఏ సంగతో చెప్పెయ్యాలి" అన్నది ఆంటీ. రెండోది మా మరిది, చెల్లె మొగడు శ్రీకాంత్. మంచోడే, కానీ ఇన్నేండ్లు కారే ఇంట్ల ఉండి ఉండి ఆయనకు తడి అంటేనే భయం పట్టుకున్నది. ఏ ఇల్లు చూసినా ముందు గోడకు చెవి పెట్టి, తర్వాత అరచెయ్యి పెట్టి, "లీకేజ్ ఉన్నదా?" అనే అడుగుతడు.

అదే గురువారం నేను సగం దినం సెలవు పెట్టి, చెల్లెను, పిల్లను తోలుకరానికి ఎల్బీ నగర్ పోయిన. మరిది ఆఫీసుకెల్లి సక్కగ మా ఇంటికి వస్తనన్నడు. పై పోర్షన్ తాళంచెవి పెయింటర్ జేబుల వేసుకోని పోయిండు. "ఏం ఫరక్ పడది ఆంటీ, పైన కింద ఒక్కటే ప్లాన్ కదా, ఆయనొస్తే మా పోర్షనే చూపియ్యుర్రి" అని మా తాళంచెవి ఆంటీ చేతుల పెట్టి పోయిన. ఎంత తెలివి నాకు!

చెల్లె ఇంట్ల పిల్లకు గౌను తొడుగుతుంటే మరిది ఫోన్ చేసిండు. గొంతు చిన్నగున్నది.

"వదినె, ఇల్లు చూసిన. అన్నీ చూసిన. నీ మేలు ఎన్నటికి మర్వ."

"అయ్యో, ఏమున్నది శ్రీకాంత్, మనం మనం కాదా!"

"అట్ల కాదు వదినె. సొంత అక్క సుత ఇంత చెయ్యది. నేను డిసైడ్ అయిపోయిన."

నాకు సంతోషం ఆగలే! అగో, ఇల్లు నచ్చింది అనుకున్న. మెట్రో ఎక్కేముందు అర కిలో మైసూర్‌పాక్ సుత కొన్న. చెల్లె అయితే రైలుల కూసోని పరదాలు ఏ రంగు వెయ్యాలె, పిల్ల ఊయల ఏ కొక్కానికి కట్టాలె అని మొత్తం సదురుకున్నది.

ఇంటికొస్తే ఆంటీ గేటు కాడ నిలవడ్డది. మొఖం మాడిపోయింది.

"ఆంటీ, నోరు తీపి చేసుకోర్రి!" అన్న డబ్బా తెరిచి.

"తీపేవిటమ్మా? మీ మరిది గారు వద్దనేసి వెళ్ళిపోయారుగా! దగ్గరుండి చూపించాను. 'మా ఇంట్లో చుక్క కారదు బాబూ' అంటున్నానా, ఆయన గోడలకేసి చూస్తాడు, నాకేసి చూస్తాడు, మళ్ళీ గోడలకేసి చూస్తాడు. వంటగదిలోకి వెళ్ళగానే కిటికీ తీసి, ముక్కు మూసుకుని బయటికొచ్చేశాడు. అంత కంపు కొడుతోందా నా ఇల్లు? హాస్టల్ ఆయనకి ఫోన్ చెయ్యబోతున్నా."

చెల్లె కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. లోపల్కి ఉరికిన. తలుపు తియ్యంగనే ఎదురుంగ ఫ్రిజ్. "ద ఫ్రిజ్ ఈజ్ లీకింగ్."

ఓరి దేవుడా! అప్పుడు వెలిగింది. మా ఆంటీ తెలుగు పేపరు ఒక్క అక్షరం వదలకుండ చదువుతది కానీ ఇంగ్లీషు రాదు. ఆమె ఆ చీటీల పక్కన్నే నిలవడి చుక్క కారదని చెప్పింది! సరిగ్గ అప్పుడే ఫోన్ టింగుమన్నది. సార్ మెసేజ్. "ఆల్ సెంటెన్సెస్ కరెక్ట్. వెరీ న్యాచురల్!" న్యాచురలా? నా సంసారం మునిగింది సార్!

మరిదికి ఫోన్ కొట్టిన. "శ్రీకాంత్, అవి నిజం కాదు! అది నా హోంవర్క్!"

"సమజైంది వదినె," గుసగుస పెట్టిండు, "ఆంటీ పక్కన్నే ఉన్నదా? ఉంటే ఊ అను."

"ఊ... కాదు! అంటే, ఉన్నది, కానీ అందుకు కాదు!"

"నువ్వేం చెప్పకు. ఆమె ముంగట చెప్పలేక ఇంగ్లీషుల రాసి పెట్టినవ్. ఆమెకు చదువరాదని నీకు ఎరుకే. ఏం దిమాక్ వదినె నీది! కానీ మీరు సుత ఆ గ్యాస్‌తోని ఎట్లుంటున్నరు?"

నా జిందగీల నాకు దిమాక్ ఉన్నదని ఒక్కలన్న అన్నది అప్పుడే. అది సుత గిట్ల!

ఎంత చెప్పినా వినడు. నేను ఎంత గట్టిగ "కారది" అంటే ఆయన అంత గట్టిగ "పాపం, భయపడ్తున్నది" అనుకుంటుండు. ఆఖరికి చెల్లె ఫోన్ గుంజుకున్నది. "ఏమయ్యా, మా అక్కకు నీకు రహస్యం చెప్పేంత ఇంగ్లీషు ఏడికెల్లి వచ్చింది? ఆమె మొన్న బావ బనీనుకే చీటీ అంటిచ్చింది. నువ్వు వస్తవా, నేను పిల్లను తీస్కోని ఈడనే ఉండాల్నా?"

వచ్చిండు. వచ్చి ఊకుంటడా? ఒక్కొక్క చీటీ కాడ ఆగి పరీక్ష. నల్లా కింద గుడ్డ పెట్టి చూసిండు. స్టూల్ ఎక్కి స్లాబుకు చెవి పెట్టిండు. సిలిండర్‌కు సబ్బు నురుగు రాసి బుడగలొస్తయా అని కూసున్నడు. నేను ఎంబడి తిరుక్కుంట చీటీలు పీకుతున్న. ఇంతల చెల్లె ఆంటీకి చీటీల అర్థం చెప్పింది.

ఆంటీ నడుం మీద చేతులు పెట్టుకోని నన్ను కింద మీద చూసింది. "అంటే నేను చుక్క కారదంటుంటే, నా వెనక గోడ మీద కారుతోందని రాసుందా? ఏవమ్మా సునీతా, నా ఇల్లే దొరికిందా నీ ఇంగ్లీషుకి?"

"క్షమించుర్రి ఆంటీ, బుద్ధి గడ్డి తిన్నది" అన్న. చచ్చేంత సిగ్గయింది నాకు.

ఆంటీ ఒక్కసారి ఫక్కుమని నవ్వింది. కొంగు నోట్ల కుక్కుకోని నవ్వింది. మరిది స్టూల్ మీదికెల్లి, "చుక్క తడి లేదు ఆంటీ, ఇల్లు మాకే!" అని అరిచిండు. చెల్లె నన్ను గట్టిగ పట్టుకున్నది. ఆ మైసూర్‌పాక్ అప్పుడు తిన్నం.

ఇగ ఆదివారం పాలు పొంగిచ్చుడు. పైన వంటింట్ల కొత్త పొయ్యి, కొత్త గిన్నె, పసుపు కుంకుమ బొట్లు. పాలు పైకొచ్చి పొయ్యి మీద పొంగిపొర్లినయి. "పొంగినయి పొంగినయి!" అని అందరు చప్పట్లు కొట్టిండ్రు. నా కండ్లల్ల నీళ్ళొచ్చినయి, చెల్లె నిజంగనే నా నెత్తి మీదికి వచ్చింది! అందరు హాల్లకు పోయి ఫోటోలు దిగుతున్నరు. నేను గిన్నె దించుదామని ఒక్కదాన్నే ఉన్న. చూస్తే, పొంగిన పాలకు మంట ఆరిపోయింది. బుస్సుమని సప్పుడు. గుప్పుమని వాసన.

"గ్యాస్ లీక్ అయితున్నది!" అని ఒక్క కేక పెట్టిన.

"ఇంగ్లీషుల చెప్పు వదినె!" హాల్లకెల్లి మరిది.

"శుభమా అని పాలు పొంగిస్తే ఇవాళ కూడానా హోంవర్కు?" ఆంటీ.

"ఫోటో తీసి సార్‌కు పంపు అక్కా!" నా సొంత చెల్లె.

నాకు మండింది. గొంతు చించుకోని అరిచిన, "ద గ్యాస్ ఈజ్ లీకింగ్!"

ఇగ నేనే ఉరికి నాబ్ తిప్పిన, కిటికీ తెరిచిన, కొంగుతోని ముక్కు మూసుకోని నిలవడ్డ. నా జిందగీల ఆలోచించకుండ, తప్పు లేకుండ, నిజం చెప్పిన మొట్టమొదటి ఇంగ్లీషు సెంటెన్సు అది. ఒక్కలు లేచి రాలే. చప్పట్లు మాత్రం మస్తు కొట్టిండ్రు.