ఆండర్స్ స్కోరుకు మార్లిస్ కట్టిన విలువ

మార్లిస్ టోర్వినెన్ వారమంతా హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. శనివారాలు మా ఉత్తర మిన్నెసోటా ఊళ్ళో కాలేజీ మంచు హాకీ చూసి, ఏ కుర్రాడు ప్రొఫెషనల్ ఆటకు పనికొస్తాడో ఒక పెద్ద జట్టుకు రాసి పంపుతుంది. నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసే నాకు ఆమె లెక్క కట్టే తీరు నచ్చుతుంది. అందుకే పాపను ఒళ్ళో పెట్టుకుని ఆమె పక్కనే కూర్చుంటాను.

ఎవరి స్కోరునూ ఆమె ఉన్నదున్నట్టు తీసుకోదు. అవతలి ఆటగాడు శిక్ష పడి బయట కూర్చున్నప్పుడు వచ్చిన గోల్‌కు సగం విలువే ఇస్తుంది. తర్వాత వయసు చూస్తుంది. చిన్నవాడి పది గోల్స్ పెద్దవాడి ఇరవైకంటే ఎక్కువంటుంది.

ఈసారి లీగ్‌లో అందరికంటే ఎక్కువ స్కోరు ఆండర్స్ ఓస్ట్‌బీది. కాలేజీలో వాడికిదే ఆఖరి ఏడాది. పెద్ద జట్టు పిలుస్తుందా లేదా అన్నదొక్కటే తేలాలి. వాళ్ళమ్మ కార్లా ఈ ఆట జరిగే రింక్‌లోనే సూప్ అమ్ముతుంది. మార్లిస్‌కు చిన్ననాటి స్నేహితురాలు. ఆట మొదలైన కాసేపటికి ఒక గిన్నె పట్టుకుని మా దగ్గరికొచ్చింది.

"ఏమే లెక్కల టీచరూ, మావాడు పాసేనా?"

"సూప్‌లో ఉప్పు తక్కువైందే."

"మాట మార్చకు. లీగ్ మొత్తానికి మావాడే ఫస్టు."

"వద్దని రాసేశాను. నిన్ననే పంపాను."

కార్లా ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. ఎవరో తీయడం మరిచిపోయినట్టు అలాగే ఉండిపోయింది.

"నిజంగానా?"

"వాడికి ఇరవై నాలుగు. ఎదురుగా ఆడేది పంతొమ్మిదేళ్ళ పిల్లలు. పైగా సగం గోల్స్ అవతల ఒకడు తక్కువున్నప్పుడు వేసినవే."

"పంతొమ్మిదికే రమ్మంది కాలేజీ. ఇంకో ఏడాది జూనియర్ లీగ్‌లో ఆడి ఒళ్ళు చేయనీ అని ఆపింది నేనే కదే. మన ఊళ్ళో అందరూ ఆపుతారు కదా."

"ఆపుతారు."

"ఆపకపోయుంటే?"

"స్కోరు ఇంకా తక్కువుండేది. అయినా ఏడాది చిన్నవాడని పేరు పంపేదాన్నేమో."

"ఏమోనా?"

"ఏమోనే. అంతకుమించి నాకూ తెలీదు."

నేను పాప టోపీ సరిచేశాను. ఆగస్టు చివర్లో పుట్టింది, తరగతిలో అందరికంటే చిన్నదవుతుంది కాబట్టి ఏడాది ఆగి బడిలో వేయమని మా అత్తగారు ఇప్పటికే అంటున్నారు.

కింద ఆండర్స్ గోల్ కొట్టాడు. హారన్ మోగింది. జనమంతా లేచారు. కార్లా కూడా లేచి చప్పట్లు కొట్టింది. మార్లిస్ చూపు అవతలి జట్టులో కొత్తగా చేరిన కుర్రాడి మీదే ఉంది.

"ఆండర్స్‌కు నన్ను చెప్పమంటావా?" అని అడిగింది, అటే చూస్తూ.

"నువ్వు చెబితే వాదిస్తాడు. ఆట అయ్యాక ఆకలితో ఇటే వస్తాడు. ముందు తిననీ, నేను చెప్తాను."

విరామం గంట మోగగానే జనం సూప్ కోసం వరుస కట్టారు. కార్లా మెట్లు దిగి వెళ్ళి గరిటె పట్టుకుంది.