జొన్నలు ద్రవమేనన్న పంతులమ్మ

శంషాబాద్‌లోని ఓ చిన్న ప్రైవేటు బడిలో నన్ను సైన్సు టీచరుగా తీసుకున్నది నా చదువు చూసి కాదు, నోరు చూసి. తెలియనిది కూడా గట్టిగా చెప్పే విద్య నాకు పుట్టుకతోనే అబ్బింది. నెల రోజులు చూసి ఉద్యోగం ఖాయం చేస్తానన్నారు ప్రిన్సిపాల్. చూడటమంటే నిజంగానే చూడటం, రోజూ వెనక బెంచీలో కూర్చుని. అప్పటికే రెండు బళ్లు నన్ను సాగనంపాయి. ఇదీ పోతే ఇంట్లో కూర్చోవడమే.

ఆరో తరగతికి పదార్థ స్థితులు చెబుతున్నాను. "ద్రవానికి సొంత ఆకారం ఉండదు. ఏ గిన్నెలో పోస్తే ఆ గిన్నె ఆకారమే" అన్నాను. మంఖాల్ నుంచి వచ్చే ఓ రైతుబిడ్డ లేచింది.

"మరి జొన్నలు, మేడం? గవి గూడ గిన్నెల పోస్తే గిన్నె లెక్కనే ఉంటయ్ గద. మా నానమ్మ పాలు కొలిచినట్టే మానికతోని కొలుస్తది."

అప్పుడే నెత్తి మీదుగా విమానం దిగుతోంది. అది దాటేదాకా మా బడిలో ఎవరూ మాట్లాడరు. ఆలోచించుకోమని దేవుడిచ్చిన అరనిమిషం అది. నేను దాన్ని ప్రిన్సిపాల్ ముఖం చూడటానికి వాడుకున్నాను.

"జొన్నలు ఒకరకం ద్రవమే" అన్నాను. ఆయన మెచ్చుకోలుగా తలాడించారు.

మర్నాడు అదే పీరియడ్‌లో ఆ పిల్ల నానమ్మ దిగింది, కొంగులో జొన్నలు, చేతిలో మానిక.

"ఏంది పంతులమ్మా, జొన్నలు నీళ్లసొంటియన్నవంట?"

నా బల్ల మీదే మానిక నింపింది. అంచు దాటినా పోస్తూనే ఉంది. గింజలు పైన కుప్పగా నిలిచాయి.

"మేం గింజలు గిట్ల కుప్పగనే కొలుస్తం. నువ్వు జర పాలు గిట్ల కుప్ప పొయ్యి, చూస్త."

గింజ గింజా గట్టిదే, గుంపుగా ఉంటే జారుతుందంతే. డిగ్రీ పట్టా ఉన్న నాకు ఇంత చిన్న సంగతి తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ప్రిన్సిపాల్ వింటుండగానే "నిన్న నేను తప్పు చెప్పాను. జొన్నలు ఘనమే" అన్నాను. నానమ్మ జొన్నలు కొంగులోకి ఒంపుకుని, నా మీద జాలిపడుతూ వెళ్లిపోయింది.

ఆ పిల్ల మళ్లీ లేచింది. "మరి మంట, మేడం? గది ఘనమా, ద్రవమా, వాయువా?"

వాయువని చెప్పేయడానికి అలవాటుగా నోరు తెరిచాను. మూసుకున్నాను.

"నాకు తెలియదు. చదివి రేపు చెబుతాను."

ఉద్యోగం ఊడినట్టేనని భయమేసింది. వెనక బెంచీ నుంచి ప్రిన్సిపాల్ గొంతు సవరించుకున్నారు.

"నాకూ తెల్వది. చదివినంక నాకు గూడ చెప్పుండ్రి, మేడం."